ఎనిమిది రోజుల్లో అయిదు దేశాలా?



సంఘం తరఫున ఈసారి డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ చూసొద్దామన్న మాట మొదలైంది కదా. వాట్సాప్‌లో తిరుగుతున్న ప్యాకేజీ చూశాం. ఎనిమిది రోజుల్లో అయిదు దేశాలట! అలా వద్దండీ.

మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ, నార్వే ఒక్కటే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 1,750 కిలోమీటర్లు. కోపెన్‌హాగన్ నుంచి ఐస్‌లాండ్‌కు విమానంలోనే మూడు గంటల పైన. మోకాళ్ళ నొప్పులున్న మన పెద్దవాళ్ళు ఎయిర్‌పోర్టులు తప్ప ఏం చూస్తారు? పది రోజులు పెట్టుకుని మొదటి మూడు దేశాలే చూద్దాం. 2000లో తెరిచిన వంతెన మీదుగా డెన్మార్క్ నుంచి స్వీడన్‌కు రైల్లోనే సముద్రం దాటేయొచ్చు.

ప్యాకేజీలో కోపెన్‌హాగన్ అంటే జలకన్య బొమ్మే. అది ఒకటింబావు మీటరు ఉంటుంది, ఇంతేనా అనుకుంటారు. మనం చూడాల్సింది జట్లాండ్ పల్లెలు. 1870ల తర్వాత అమెరికా నుంచి చవక ధాన్యం వచ్చిపడి డెన్మార్క్ రైతుకు గింజ ధర పడిపోయింది. వాళ్ళు పాడికి మళ్ళారు. 1882లో యెడ్డింగ్ అనే పల్లెలో రైతులే కలిసి డెయిరీ పెట్టుకున్నారు. అలాంటి డెయిరీల్లో ఆవులెన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకుని కోస్తా నుంచి సింధనూరు, మాన్వి వచ్చి, వరి ఒక్కదాన్నే పట్టుకున్న మనకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంది? ఏటా ధర కోసం మిల్లుల చుట్టూ తిరిగేది మనమే కదా.

వెళ్తే జూన్‌లో. కాలువకు నీళ్ళొచ్చి నాట్లు మొదలయ్యే లోపు తిరిగొచ్చేయొచ్చు. నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో ఆ నెలంతా సూర్యుడు అస్తమించడు. చలికోట్లు మాత్రం మరవద్దు.

షెంగెన్ వీసా ఒక్కటి చాలు, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా. ఎక్కువ రోజులుండే దేశానికే దరఖాస్తు చేయాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. డబ్బు మాత్రం మూడు చోట్లా వేరు, ఎవరి క్రోన వాళ్ళదే. తిరుగు ప్రయాణం తర్వాత పాస్‌పోర్టుకు కనీసం మూడు నెలల గడువుండాలి. బీరువా తీసి ఎవరిది వాళ్ళు ఒకసారి చూసుకుని, వచ్చే మీటింగ్‌లోపు పేర్లివ్వండి.