వసూలు మన మాటే, వాపసూ మన మాటే

తెలుగులో సర్కారు కచేరీ మాటలు చాలావరకు మన ఉర్దూ గుమ్మం దాటి వచ్చినవే. జమా, ఖర్చు, బాకీ, రసీదు, దస్తావేజు, తహసీల్దారు. వసూలు అలా వచ్చిందే, వాపసూ అలా వచ్చిందే. కానీ మన ఇళ్లలో వసూలు అంటే ఉన్నంత భయం, వాపసు మీద నమ్మకంగా మారలేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ సంగతిలో ఇది బాగా కనిపిస్తుంది. "కట్ అయిన పైసలు మళ్లీ వస్తాయా భాయ్? నసీబ్‌లో ఉంటే వస్తాయి, సబర్ చేద్దాం" అంటారు.

సబర్ గొప్ప గుణమే. అయితే మన హఖ్ ఎక్కడ ఆగిందో కనుక్కోకుండా కూర్చుంటే దానికి పేరు గఫ్లత్.

ట్యాక్స్ పెద్దోళ్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డు నడిపే భాయ్‌కి జాబ్ వర్క్ బిల్లులో ఒక శాతం కోసి ఇస్తారు. చిన్న సివిల్ పనులు చేసే మేస్త్రీకీ అంతే. రిటైరైన టీచర్ సాబ్ తన డబ్బు బ్యాంకులో వేసుకుంటే, వడ్డీ పరిమితి దాటగానే పది శాతం కట్. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో లింక్ కాక పాన్ పనిచేయకపోయినా ఇరవై శాతం. కదిరి నుంచి కువైట్ పోయిన అబ్బాయి ఇక్కడి ఎన్ఆర్ఓ ఖాతాలో డబ్బు పెడితే, దాని వడ్డీ మీద ముప్పై శాతం, ఆపైన సెస్సు. వీళ్లలో చాలామంది ఏడాది మొత్తం ఆదాయం అసలు ట్యాక్స్ కట్టాల్సినంత ఉండదు. అంటే ఆ కోసిన పైసలు సర్కారు దగ్గర వాళ్ల అమానత్. రిటర్న్ వేసి అడిగితేనే తిరిగి వస్తాయి.

సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. ఆ వాన ముఖం చాటేసిన ఏడాది పద్దెనిమిది వేలు అంటే బిడ్డ కాలేజీ ఫీజు. లేకపోతే అమ్మీ కంటి ఆపరేషన్. దాన్ని నసీబ్‌కు వదిలేయడానికి లేదు.

మరి ఎక్కడ ఆగుతుంది? మన ఇళ్లలో తరచూ ఆగేది ఒకే చోట: పేరు దగ్గర.

2019 మార్చి 1 నుంచి రిఫండ్ పాన్‌తో లింక్ అయిన బ్యాంకు ఖాతాకే ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆ ఖాతాను ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకోవాలి. అక్కడ పాన్‌లో పేరూ బ్యాంకులో పేరూ సరిపోలాలి. ఇక మన పేర్ల హాల్ చూడండి. షేక్ మహబూబ్ బాషా అనే మామూలు పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో షేక్‌కు చివర హెచ్ ఉంటుంది, ఉండదు. మధ్యలో ఏఐ ఉంటుంది, ఈఐ ఉంటుంది. బాషా ఒక కాగితంలో బీతో, ఇంకో కాగితంలో పీతో మొదలవుతాడు. బడిలో అయ్యవారు ఒక తీరుగా రాశారు, రేషన్ కార్డులో గుమాస్తా ఇంకో తీరుగా రాశాడు. బ్యాంకువాళ్లు షేక్‌ను ఒట్టి ఎస్ చేసి ముందు పెట్టారు. పాన్ ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి ఉంది, ఫారం నింపినవాడు షేక్‌ను తీసుకెళ్లి వెనక పెట్టాడు. మనిషి ఒక్కడే, మెషీన్‌కు మాత్రం నలుగురు.

ఆడవాళ్ల పేర్ల సంగతి ఇంకా ముష్కిల్. పఠాన్ ఇంటి బిడ్డ షేక్ ఇంటికి కోడలై వస్తుంది. ఒక కార్డులో బీ, ఒకదాంట్లో బేగం, ఇంకోదాంట్లో ఖాతూన్. పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుని పెట్టిన ఫక్రుద్దీన్, గూగూడు పీర్ల మీద పెట్టిన కుళ్లాయప్ప, దూదేకుల ఇళ్లలో హుసేనప్ప, దస్తగిరి. ఇవి ఈ మట్టిలో పుట్టిన పేర్లు. కుళ్లాయప్ప అని హిందువులూ పెట్టుకుంటారు. ఆ పేర్లలో మన సీమ తారీఖ్ ఉంది. వాటిని ఇంగ్లీషులో ఎలా రాయాలో మాత్రం ఎవరూ మనకు చెప్పలేదు, మనమూ పట్టించుకోలేదు.

దీనికి తోడు బ్యాంకులు కలిసిపోయాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. బ్యాంకు కలిశాక ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారితే, పోర్టల్‌లో పాత కోడ్ అలాగే ఉంటే, పైసలు దారి తప్పుతాయి.

అందుకే స్టేటస్ మీరే చూడండి. పోర్టల్‌లో లాగిన్ అయి ఈ-ఫైల్‌లో మనం వేసిన రిటర్న్‌ల పట్టీ తెరిస్తే కనిపిస్తుంది. రిటర్న్ వేసిన 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయకపోతే వేసినట్టే కాదు, ముందు అది చూడండి. "ప్రాసెస్డ్" అని ఉండి రిఫండ్ రావాల్సి ఉందంటే బెంగళూరు సెంటర్ లెక్క ఒప్పుకున్నట్టు. "ఇష్యూడ్" అంటే స్టేట్ బ్యాంకు ద్వారా పంపినట్టు. "ఫెయిల్డ్" అంటే ఖాతా దగ్గర తిరగబడినట్టు. అప్పుడు ఖాతా సరిచేసి రీ-ఇష్యూ రిక్వెస్ట్ పెట్టాలి. పెట్టకపోతే ఆ పైసలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. "అడ్జస్టెడ్" అంటే పాత బాకీ కింద పట్టుకున్నట్టు. ఆ బాకీ నిజమా కాదా జవాబు ఇవ్వడానికి మనకు మౌకా ఇస్తారు. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల దాకా ప్రాసెస్ చేయడానికి వాళ్లకు గడువుంది కాబట్టి, రెండు నెలలకే గాబరా పడొద్దు.

ఇక్కడే ఇంకో చిక్కు. మన రిటర్న్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివి? చాలాచోట్ల నెట్ సెంటర్ అబ్బాయివి. ఫెయిల్ అయిన కబురు, బాకీ నోటీసు అన్నీ అతని మెయిల్‌కే పోతాయి. అతను వందమంది పనిలో ఉంటాడు, మనది చూస్తాడన్న గ్యారంటీ లేదు. నంబరు మీది పెట్టించుకోండి, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. రిఫండ్ మంజూరైంది, లింక్ నొక్కండి అని వచ్చే మెసేజ్‌లను నమ్మకండి. మీ కార్డు పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ డిపార్ట్‌మెంట్ అడగదు.

చాలామంది నెమ్మదిగా అడిగే సవాల్ ఒకటుంది. రిఫండ్ ఆలస్యమైతే నెలకు అర శాతం చొప్పున వడ్డీ కలిపి ఇస్తారు కదా, అది సూద్ కదా? ఈ భయంతో మొత్తం రిఫండే వద్దనుకున్న బుజుర్గులు ఉన్నారు. అసలు వేరు, వడ్డీ వేరు. మన కష్టం నుంచి కోసిన పైసలు మన హలాల్ రిజ్క్. వడ్డీ ఎంతో ఇంటిమేషన్ కాగితంలో వేరే గీతలో చూపిస్తారు. గడువులోపు రిటర్న్ వేసినవాళ్లకు ఏప్రిల్ నుంచి లెక్క కడతారు. పద్దెనిమిది వేలు ఆగస్టులో వస్తే అయిదు నెలలకు 450 రూపాయలు. దాన్ని విడిగా తీసి, సవాబ్ నియ్యత్ లేకుండా గరీబుకు ఇచ్చేయమని చెప్పే ఉలమా చాలామంది. మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. ఆ 450 కోసం మిగతా పద్దెనిమిది వేలు వదులుకోమని మాత్రం దీన్ చెప్పదు.

అమానత్ రెండు వైపులా ఉంటుంది. లేని ఇంటి అద్దె, ఇవ్వని చందా చూపించి రిఫండ్ తెప్పిస్తాం, అందులో మాకింత అనే ఏజెంట్లు ఉన్నారు. 2025 జూలై 14న ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. ఏజెంట్ కమిషన్ తీసుకుని పోతాడు. నోటీసు మన పేరు మీద వస్తుంది, పెనాల్టీ మనం కడతాం. ఆఖిరత్ హిసాబ్ సరేసరి.

సర్కారుకూ ఒక మాట. షేక్ చివర హెచ్ లేదని మనిషినే వేరని తేల్చే పద్ధతి మారాలి. పాన్, ఆధార్, ఖాతా మూడూ ఒకదానికొకటి లింక్ చేయించింది మీరే. లింక్ అయ్యాక కూడా ఒక్క అక్షరం దగ్గర ఆపితే, ఆ లింక్ ఎవరి కోసం చేసినట్టు? ఫెయిల్ అయితే ఎందుకు ఫెయిల్ అయిందో తెలుగులో, ఉర్దూలో ఒక మెసేజ్ రావాలి. 2022లో ఈ రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష అయింది. ఢిల్లీ శాఖలకు ఆ చట్టం వర్తించదు గానీ, ఆ భాష చదివేవాళ్లు కట్టే ట్యాక్స్ మాత్రం ఢిల్లీకి చేరుతూనే ఉంది.

అది మారేదాకా మన పని మనం చేసుకోవాలి. సూరె బఖరాలోని 282వ ఆయత్ ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైనది. అప్పు లావాదేవీని రాసిపెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే ఆయత్ అది. రాతకోతల మీద ఇంత తాకీదు ఉన్న ఉమ్మత్ మనది. మరి మన కాగితాల్లో మన పేరే నాలుగు రకాలుగా ఉండటం ఏం ఇన్సాఫ్?

ప్రతి మస్జిద్ కమిటీలో కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఇద్దరైనా ఉంటారు. జుమా తర్వాత గంటసేపు కూర్చుని ఇంటింటి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం, కాబట్టి తొందరపడకుండా ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, మిగతావన్నీ దానికి సరిచేయించాలి. పుట్టిన పిల్లలకు అఖీఖా రోజే ఆ స్పెల్లింగ్ కాగితం మీద రాసి ఇవ్వండి. పాత సంవత్సరాల రిఫండ్ పోయిందని వదిలేసినవాళ్లు కూడా ఒకసారి ఆడిటర్‌ను అడగండి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోపు, ఆలస్యానికి సరైన వజహ్ చూపిస్తే, దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది.