ఇనప్పెట్టెలో చందమామలు

ఈ నెల మన శీర్షికకు అవనిగడ్డ వైపు నుండి ఒక సహోదరుడు రాసిన ఉత్తరమే ఆధారం. ఊరు, పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. వారి తండ్రిగారు ఎలిమెంటరీ స్కూలు పంతులుగా పనిచేసి, రెండేళ్ళ క్రితం ప్రభువు పిలుపునందుకున్నారు. ఆయన విడిచి వెళ్ళినవి ఎకరం పొలం, పెంకుటిల్లు, ఒక ఇనప్పెట్టె నిండా పాత చందమామలు. పొలం, ఇల్లు పంచుకోవడంలో అన్నదమ్ముల మధ్య ఏ గొడవా రాలేదట. గొడవంతా పెట్టె దగ్గర వచ్చింది. విజయవాడ నుండి పాత పుస్తకాలు కొనే ఒకాయన వచ్చి చూసి, "ఇవి ఇప్పుడు దొరకవండీ" అన్నాడు. అంతవరకు ఎవరికీ పట్టని పెట్టెకు ఆ ఒక్క మాటతో తాళం పడింది. వేసవి సెలవులకు వచ్చిన మనవలను ముట్టుకోనివ్వలేదు. "వీటి విలువ ఎంత? విశ్వాసులమైన మేము ఇలాంటివాటిని అమ్ముకోవచ్చా? అమ్మితే ఎవరికి ఎంత?" అని ఆ సహోదరుడు అడుగుతున్నారు.

చిన్నవాళ్ళకు ముందు చందమామ అంటే ఏమిటో చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చే ముందు నెలలో, 1947 జూలైలో, మద్రాసు నుండి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఈ పిల్లల మాసపత్రికను తెలుగులోను తమిళంలోను మొదలుపెట్టారు. చక్రపాణి గారిది మన కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి ప్రాంతమే. చాలాకాలం పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు, చిత్రా, శంకర్ గార్ల బొమ్మలు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు అందులో వచ్చేవి. మన క్రైస్తవ ఇండ్లలో కొందరు పెద్దలు బేతాళుడి బొమ్మ చూసి, దయ్యాల పుస్తకమని అభ్యంతరం చెప్పేవారు. వాళ్ళే మధ్యాహ్నం పూట పిల్లలు నిద్రపోయాక అరుగు మీద కూర్చుని చదివేవారు కూడా! 1998లో కొంతకాలం ఆగి, మరుసటి సంవత్సరం మళ్ళీ మొదలై, 2007లో ఒక ముంబయి కంపెనీ చేతికి వెళ్ళి, 2013 నాటికి పత్రిక పూర్తిగా నిలిచిపోయింది.

అన్ని ఇండ్లకు వచ్చిన పత్రిక ఇప్పుడు ఎందుకు దొరకడం లేదు? చదివినందువల్లనే. ఒక ప్రతి ఒక ఇంట్లో ఆగేది కాదు. పక్కింటికి, ఆ పైన పాలేనికి, అక్కడినుండి మేనత్తగారి ఊరికి వెళ్ళి, అట్ట ఊడి తిరిగి వచ్చేది, లేదా రాకుండా పోయేది. మిగిలినవాటిని తూకానికి వేస్తే కిరాణా కొట్టులో పొట్లాలయ్యేవి. ఇక మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. చెదలు, చిమ్మెట కాగితాన్ని బ్రతకనివ్వవు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో ఇండ్లకు ఇండ్లే కొట్టుకుపోయాయి. మనుషులే దక్కని చోట కాగితాల మాట చెప్పేదేముంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, బీరువా కింది అరల్లో పుస్తకాలు పెట్టుకున్నవారికి ఏమి మిగిలిందో మన సంఘాలవారికి తెలుసు. వీటన్నిటిని దాటి నిలిచిందే నేడు అరుదైనదయింది.

ఈ అరుదుతనాన్ని డబ్బుగా మార్చే విద్యలో అమెరికావారు ఆరితేరారు. అక్కడ మన చందమామ వంటివి బొమ్మల కథల పుస్తకాలు, కామిక్స్. సూపర్‌మాన్ అనే వీరుడు మొదటిసారి కనిపించిన పుస్తకం 1938లో పది సెంట్లకు అమ్ముడయింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితం సేకరించినప్పుడు ఇలాంటివి గుట్టలు గుట్టలుగా పోయాయి. అలా పోగా మిగిలిన వాటిలో ఒక ప్రతి 2024 ఏప్రిల్‌లో వేలంలో అరవై లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో సుమారు 50 కోట్ల రూపాయలు.

ఆ ప్రతికి అంత ధర రావడానికి వయస్సు ఒక్కటే కారణం కాదు, దానికి వేసిన మార్కులు కూడా. 1970 నుండి అక్కడ ధరల పుస్తకం ఒకటి అచ్చవుతోంది. 2000 సంవత్సరంలో మార్కులు వేసే కంపెనీ కూడా వచ్చింది. పుస్తకాన్ని వారికి పంపితే అట్ట మడత, పిన్ను తుప్పు, మూల విరగడం, కాగితం పసుపు రంగు అన్నీ పరీక్షించి పదికి ఇన్ని అని వేస్తారు. పైన చెప్పిన ప్రతికి వచ్చింది ఎనిమిదిన్నర. తరువాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసి, మార్కుల చీటీ అంటిస్తారు. కొన్నవారు ఆ పుస్తకాన్ని చదవాలంటే పెట్టె పగలగొట్టాలి. పగలగొడితే మార్కులు చెల్లవు! గనుక ఎవరూ చదవరు. పెట్టె మాత్రం చేతులు మారుతూ ఉంటుంది. ఆ పెట్టెలను కూడా విప్పి, లోపల తక్కువరకం పుస్తకం మార్చి పెట్టిన మోసం ఒకటి 2023–24లో బయటపడింది.

కొత్తవి కొని దాచినా ధర వస్తుందని అక్కడ ఒకప్పుడు ఆశపడ్డారు. 1992 నవంబరులో సూపర్‌మాన్ చనిపోయే సంచికను నల్ల సంచిలో పెట్టి అమ్మారు. జనం బారులు తీరి, ఒక్కొక్కరు నాలుగైదు కొని, సంచి విప్పకుండానే బీరువాలో పెట్టుకున్నారు. అమ్ముడైనవి లక్షల ప్రతులు. అందరూ దాచుకున్నది అరుదు ఎట్లా అవుతుంది? ఆ సంచికలు ఈనాటికీ చవకగానే దొరుకుతున్నాయి.

అవనిగడ్డ సహోదరుడు తన తండ్రిగారి పుస్తకాల సంగతి రాసిన వివరాలు చదువుతుంటే మాకు ఈ మార్కుల పద్ధతే మనసులో మెదిలింది. ఆయన తండ్రిగారు ప్రతి సంచిక మీద పిల్లల పేర్లు రాశారు. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో, బొమ్మల కింద, ఇంటిల్లిపాది చెప్పిన వ్యాఖ్యలు పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఏడాదికి ఒకటిగా బైండు చేయించారు. బైండు చేసే ఆయన కటింగ్ మిషన్‌లో మూడువైపులా అంచులు కోశాడు. కొన్ని సంపుటాలకు ఉప్పెననాటి నీటి మరక సగం వరకు ఉంది. ఆ రాత్రి వారి అమ్మగారు పెట్టెను అటక మీదికి ఎక్కించగలిగారట. అమెరికావారి పద్ధతిలో పేరు రాస్తే మార్కులు కోత, పెన్సిలు గీతకు కోత, అంచు కోసినందుకు పెద్ద కోత, నీటి మరకకు ఇంకా కోత. పదికి ఒకటో రెండో వస్తే గొప్ప. ఒక్కసారీ విప్పకుండా, ఏ పిల్లవాడి చేయీ తగలకుండా, గోదాములో ఉండిపోయిన ప్రతికి మాత్రం తొమ్మిది.

ఆ మార్కులు తప్పని మేము అనడం లేదు. కొనేవాడికి తాను కొనేది ఏ స్థితిలో ఉందో తెలియడం న్యాయమే. సరియైన త్రాసు, సరియైన గుండ్లు ఉండాలని ధర్మశాస్త్రము కోరుతున్నది గదా. మన తెలుగు పుస్తకాలకు అటువంటి త్రాసు లేకపోవడమే చిక్కు. చందమామకు ధరల పుస్తకం లేదు, మార్కులు వేసేవారు లేరు. ధర అంతా నోటిమాట. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వాడిన క్లాసు పుస్తకానికి ధర సులువుగానే తేలుతుంది. పాత చందమామకు ఎదుటివాడి ముఖం చూసి చెబుతారు. సామెతల గ్రంథం 20వ అధ్యాయం 14వ వచనం తీసి చూడండి. కొనేటప్పుడు సరుకు బాగాలేదని పెదవి విరిచి, కొనుక్కుని వెళ్ళాక మంచి బేరమని చెప్పుకుని మురిసిపోయేవాడు అక్కడ కనబడతాడు. అమ్మేవారు కూడా తక్కువ తినలేదు. మధ్యలో పేజీలు పోయినా, అట్ట వేరే సంచికది అంటించినా చెప్పకుండా అమ్మేవారు విశ్వాసుల్లోనూ ఉన్నారు.

ఈ వ్యాపారంలో మాకు మరొక బాధ కూడా ఉంది. సూపర్‌మాన్‌ను సృష్టించిన ఇద్దరు యువకులు జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఆ వీరుడి మీద తమ హక్కునంతా 1938లో 130 డాలర్లకు రాసిచ్చారు. తరువాత పేదరికం చూశారు. కంపెనీవారు సంవత్సరానికి ఇంత అని భరణం ఇవ్వడానికి ఒప్పుకునేసరికి 1975 వచ్చింది. ఆ 130 డాలర్లు ఉన్న పాత చెక్కు కాగితాన్ని 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు వచ్చాయి. రాసినవాడికి, గీసినవాడికి అందని సొమ్ము కాగితం దాచినవాడికి అందింది. కోతగాండ్ర కూలిని గూర్చి యాకోబు పత్రికలో ఉన్నది చదివినప్పుడెల్లా ఈ చెక్కు మాకు జ్ఞాపకం వస్తుంది.

ఇక ఆ సహోదరుని ప్రశ్నలు. అమ్మవచ్చా? అమ్మవచ్చు. చిమ్మెట కొట్టే ధనాన్ని గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాట కాగితాలు దాచుకున్నవారి మీద పడి కొట్టడానికి చెప్పింది కాదు. ఇంట్లో పిల్ల కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంటే, ఆసుపత్రి ఖర్చు ఉంటే, నాన్నగారి పుస్తకాలు అందుకు పనికిరావడం నాన్నగారికి అవమానం కాదు. కాని చదవనివ్వకుండా, అమ్మకుండా, ధర పెరుగుతుందని తాళం వేసి కూర్చోవడం మాత్రం మాకు నచ్చలేదు. నీటి మరక, పెన్సిలు రాతలు ఉన్న బైండ్లకు ఆ కుటుంబం అనుకుంటున్నంత ధర రాదు. ఆ మరక, ఆ రాతలు విలువైనవిగా కనబడేది ఆ ఇంటివారికే.

ఎవరికి ఎంత అన్నదానికి జవాబు కొంచెం కష్టంగా ఉంటుంది, సహోదరుడు క్షమించాలి. ఆయన ఉత్తరం నిండా అన్నదమ్ములే ఉన్నారు. చివరి పేజీలో ఒకచోట, "మా చెల్లి చిన్నప్పుడు వీటికి అట్టలు వేసేది" అని ఉంది. పొలం, ఇల్లు పంచుకోవడంలో ఆమె పేరు లేదు. గొడవ రాలేదన్నది అందుకేనా అని మేము అడగవలసి వస్తోంది. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తి 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పంచాలి. భార్య ఉంటే మూడవ వంతు ఆమెది. మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అనే తేడా లేదు. పెండ్లి చేసి పంపించాము, కట్నం ఇచ్చాము అన్నది ఈ లెక్కలో లేదు. ఈ చట్టం పొలానికీ ఇంటికీ ఎంతో ఇనప్పెట్టెకూ అంతే. అటక ఎక్కించి కాపాడిన తల్లిగారు ఇంకా ఉన్నారని ఉత్తరంలోనే ఉంది గనుక, ముందు ఆమెను అడగాలి. తాళంచెవి పెద్దన్నయ్యగారి దగ్గర ఉండడానికి మాకు కారణం కనబడలేదు.

అమ్మదలచుకుంటే నలుగురూ కూర్చుని పెట్టె విప్పండి. ఏ సంవత్సరం, ఏ నెల, అట్ట ఉందా లేదా, పేజీలు సరిపోయాయా అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. లోపాలు ముందు రాయండి. ఆ జాబితా పట్టుకుని కనీసం ఇద్దరు ముగ్గురు కొనేవారిని విడివిడిగా అడగండి, ఇంటికి వచ్చిన మొదటి మనిషికే ఇచ్చివేయవద్దు. ఉంచుకోదలిస్తే చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు. అది కొన్నేళ్ళకు ఎండిపోయి కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది. మన వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి, నేల నుండి ఎత్తున పెట్టి, నెలకొకసారి నీడలో గాలి తగలనివ్వండి. మే నెలలో వి.బి.ఎస్.కు వచ్చే పిల్లలకు చేతులు కడిగించి, ఒక సంపుటం చాప మీద పెట్టి చూడండి, ఎంతసేపు కదలకుండా కూర్చుంటారో.

ఇంకొక్క మాట. బైండు ఊడదీసి విడి సంచికలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. జిగురు పట్టిన వెన్ను లాగినప్పుడు లోపలి పేజీలు చిరుగుతాయి, కోసిన అంచులు ఎలాగూ తిరిగి రావు. బైండును బైండుగానే చూపించి అడగండి.