మీటరు అబద్ధమాడిందా?

పిల్లలూ, కిందటి నెల దిక్సూచి సంగతి చెప్పుకున్నాం. ఈ నెల వానచుక్క గుండ్రంగా ఎందుకుంటుందో రాద్దామనుకున్నాను. ఇంతలో మా లాల్‌దర్వాజాలో ఒక సంగతి జరిగింది. అందుచేత వానచుక్కను పై నెలకు వాయిదా వేశాను.

ఆషాఢంలో బోనాలు గోలకొండలో మొదలై, సికింద్రాబాదులో జరిగి, ఆ తరవాత మా సింహవాహిని మహంకాళి గుడికి వస్తాయి. ఆ ఆదివారం రాత్రి మా సందులో డప్పులు మోగుతుండగానే పెద్ద వాన పట్టుకుంది. కరెంటు పోయింది. పండుగనాడు పిల్లలకు అదీ ఒక సరదాయే. కాని మా పక్కింట్లో ఒక నాయనమ్మ ఉంది. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు. గాలిలోంచి ప్రాణవాయువును వేరుచేసి ఇచ్చే యంత్రం ఆమె మంచం పక్కన రాత్రీ పగలూ నడుస్తూ ఉండాలి. కరెంటు పోతే దాన్ని నడపటానికి ఒక ఇన్వర్టరూ, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్నాయి. బ్యాటరీ నిండుగా ఉందని ఇన్వర్టరు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. మూడు గంటలకు ఢోకా లేదనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఆరు నిమిషాలకల్లా అది కీచుమని అరిచి ఆగిపోయింది!

అదృష్టవశాత్తూ ఇంట్లో ప్రాణవాయువు సిలిండరు ఒకటి ఉంది. కొడుకు చీకట్లోనే తడుముకుంటూ దానికి గొట్టం తగిలించాడు. గండం గడిచింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మనుమడు మీటరు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. కళ్ళనిండా కోపం.

"సార్, రాత్రి కరెంటు వచ్చాక బ్యాటరీ తెల్లవార్లూ ఛార్జి అయింది. నాన్న తీగలు ఊడదీసి రెండు గంటలు ఊరకే ఉంచి, ఇప్పుడే కొలిచాడు. 12.4 వోల్టులుంది. కొత్తదానికి కూడా పన్నెండున్నరే కదా! మీటరు అబద్ధమాడిందా?"

"లేదు బిడ్డా," అన్నాను. "నువ్వడిగినదానికి అది నిజమే చెప్పింది. నువ్వు అడగవలసింది వేరే ఉంది."

ఎలాగంటారా? ఆలోచించండి. ఆ మీటరు బ్యాటరీలోంచి తీసుకునే ప్రవాహం ఆంపియరులో పది లక్షల వంతు. మరి ప్రాణవాయువు యంత్రమో, 350 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీనుంచి అంత శక్తి లాగాలంటే, ఇన్వర్టరు తినేది కూడా కలుపుకుని, సుమారు 35 ఆంపియర్లు కావాలి. మీటరు అడిగినదానికి ఇది రెండున్నర కోట్ల రెట్లకు పైమాటే!

మేడమీద నీళ్ళతొట్టి నిండుగా ఉందనుకోండి. గొట్టంలో బురద పేరుకుపోయి ఉంది. కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ లోపం బయటపడదు. సన్నని ధార విప్పినా తెలియదు. నాలుగు కొళాయిలూ ఒక్కసారి విప్పండి, బండారం బయటపడుతుంది. బ్యాటరీలోని ఆ బురదనే అంతర్నిరోధం అంటారు. పై తరగతి పిల్లలు లెక్క వేసి చూడవచ్చు: నిరోధం 0.01 ఓము ఉంటే, 35 ఆంపియర్లు లాగినప్పుడు పోయేది 0.35 వోల్టు. అదే 0.06 ఓము అయితే 2.1 వోల్టులు! చాలా ఇన్వర్టర్లు పదిన్నర వోల్టుల దగ్గర ఆగిపోతాయి.

సాయంత్రం బ్యాటరీ మిస్త్రీ వచ్చాడు. తెల్లగడ్డం పెద్దాయన. మా అబ్బాయి మీటరు చూసి నవ్వి, "బైఠే తో సబ్ పహిల్వాన్ దిఖ్‌తే సార్" అన్నాడు. కూర్చుని ఉంటే అందరూ పహిల్వాన్లలాగే కనబడతారట! నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత చక్కగా చెప్పలేకపోయాను.

ఆయన సంచీలోంచి రెండు పట్టుకొమ్ములున్న పరికరం తీశాడు. అందులో మందపాటి లోహపు చుట్ట ఉంది. దాన్ని బ్యాటరీకి తగిలిస్తే పది క్షణాలపాటు 100 ఆంపియర్లు లాగుతుంది. చుట్ట ఎర్రబడింది. 12.4 దగ్గరున్న ముల్లు జర్రున ఎనిమిదికి జారింది.

ఇక రోగం ఎక్కడుందో చూడాలి. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకికామ్లంలో ముంచి మొదటిసారి చేసిన బ్యాటరీకి ఇది మునిమనుమడే. దీనిలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది రెండు వోల్టులకు కొంచెం పైన ఇస్తుంది. మిస్త్రీ హైడ్రోమీటరుతో ఒక్కో గదిలోని ద్రవం సాంద్రత చూశాడు. అయిదింటిలో 1.240. ఒకదానిలో 1.120! ఆ గదిలో నీళ్ళు తగ్గి రేకులు పైకి తేలి ఉన్నాయి. ఎండాకాలమంతా ఎవరూ డిస్టిల్డ్ వాటరు పోయలేదన్నమాట.

ఊరకే ఉన్నప్పుడు ఈ గది వల్ల తగ్గేది వోల్టులో పదో వంతే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బరువు పడగానే ఆ గది నిమిషాలలో ఖాళీ అయిపోయింది. మిగిలిన అయిదూ కలిసి ఇవ్వగలిగినది పది వోల్టులు. ఇన్వర్టరు ఆగక ఏం చేస్తుంది?

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో వంటగదీ పడకా ఉన్న వ్యాన్లలో సెలవులకు ఊళ్ళు తిరుగుతారు. వ్యానులో రాత్రంతా దీపాలు చక్కగా వెలుగుతాయి. తెల్లవారి కాఫీకని 1,500 వాట్ల కెటిలు పెట్టగానే అంతా చీకటి! కెటిలు అడిగేది 125 ఆంపియర్లు మరి.

పెద్దలకొక మాట. నెలకొకసారి మెయిను ఆపి, నాలుగు ఫ్యాన్లూ కొన్ని దీపాలూ బ్యాటరీమీద అరగంట నడిపించండి. పది నిమిషాలకోసారి వోల్టులు రాసి ఉంచండి. ఇంతటి బ్యాటరీ బాగుంటే అరగంటకు 12 ప్రాంతంలో ఉంటుంది. 11కి దిగితే మిస్త్రీకి కబురు పంపండి. కొత్తలో ఇచ్చినదానిలో నూటికి ఎనభై వంతులైనా ఇవ్వని బ్యాటరీని మార్చవలసిందే. ప్రాణం ఆధారపడిన యంత్రం ఉన్న ఇంట్లో అయితే, రోగిని దానిమీద ఉంచి ఈ పరీక్ష చేయకూడదు. సిలిండరు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

పిల్లలు మాత్రం పెద్ద బ్యాటరీ జోలికి పోవద్దు. లోపల ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. ఛార్జి అయ్యేటప్పుడు ఉదజని పుడుతుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

పక్కింట్లో కొత్త బ్యాటరీ వచ్చింది. వోల్టులు రాసే పుస్తకం మనుమడి దగ్గర ఉంది. నాయనమ్మ ప్రతి నెలా "ఎంతొచ్చిందిరా?" అని అడుగుతున్నది.

మీకు వేరే పరీక్ష ఉంది. టార్చిలో వెలగడం మానేసిన సెల్లు ఒకటి, కొత్తది ఒకటి తీసుకోండి. మీటరుతో కొలవండి. పాతది కూడా 1.3, 1.4 చూపినా చూపవచ్చు. ఇప్పుడు టార్చి బల్బు తగిలించి, అది ఉండగానే మళ్ళీ కొలవండి. తేడా రాసుకోండి. ఆ పాత సెల్లును పారేయకుండా గోడగడియారంలో వేసి, తేదీ పక్కన గుర్తు పెట్టండి. టార్చికి పనికిరానిది గడియారాన్ని ఎన్ని రోజులు నడిపిందో నాకు ఉత్తరం రాయండి.