చేతుల్లేని బట్ట
ఐరోపా వాళ్ల భుజాల మీంచి కేప్ ఎందుకు జారిపోయిందంటే, ఫ్యాషన్ మారింది కదా అనేస్తారు. అదేం జవాబు? 1766లో మాడ్రిడ్‌లో మూడో కార్లోస్ రాజు మంత్రి ఎస్కిలాచే పొడుగాటి కేపుల్నీ, వెడల్పు అంచుల టోపీల్నీ నిషేధించాడు. వాటి చాటున మొహమూ కత్తీ రెండూ దాగుతాయని భయం. జనం వీధుల్లోకొచ్చారు (కడుపుమంట రొట్టె ధర మీద కూడా ఉంది లెండి). రాజు ఊరొదిలి అరన్‌హ్వేస్‌కి పోయాడు, మంత్రి కొలువు ఊడింది. శాసనం ఊడబెరకలేని ఆ బట్టని చివరికి ఊడబెరికింది, నా లెక్కలో, చేతులున్న కోటు. గుర్రమెక్కేవాడికి కేప్ సుఖం. మనిషినీ, నడుముకున్న కత్తినీ, జీను వెనక మూటనీ ఒక్క గుడ్డ కప్పేస్తుంది. అదే వేసుకుని ట్రాములో కమ్మీ పట్టుకోబోతే ముందంతా తెరుచుకుంటుంది, కారెక్కితే అంచు తలుపులో ఇరుక్కుంటుంది. 1823లో మెకింటాష్ అనే ఆయన రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి పేటెంటు తీసుకున్నాక, వానకి మందపాటి ఉన్నే కావాలన్న పట్టింపూ సడలింది. ఇప్పుడు కేప్‌ని చూడాలంటే ఎద్దుల పోరు బరిలోనో, సూపర్‌మ్యాన్ వీపు మీదో చూడాలి. మన గొల్లల గొంగడిదీ ఇదే జాతి. తల మీంచి కప్పితే గొడుగు, రాత్రికి పరుపు. మంద వెంట నిలబడే తండ్రికి దాన్ని మించింది లేదు. బండెక్కి పనికెళ్లే కొడుక్కి మాత్రం జిప్పున్న జెర్కిన్ కావాలి.