జామీనుదారుని రక్తము

శుభశుక్రవారము సమీపించునప్పటికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీథులలోని గోడలపై ప్రకటనలు వెలయుచుండును. యేసుని రక్తమువలన పాపపరిహారము కలుగునని వాని తాత్పర్యము. ఆ గోడల చెంతనే, పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయుచు మన విద్యావంతులు చిరునవ్వు నవ్వుదురు. ఒకడు తప్పు చేసినచో వేరొకని నెత్తురు చూచినగాని శాంతింపని దేవుడేమి దేవుడని వారి ఆక్షేపణ. ఇటు ప్రసంగవేదికలపై కొందరు బోధకులు, నమ్మిన చాలును, మీ పద్దు కొట్టివేయబడినదని భరోసా యిచ్చుచుందురు. నవ్వువారును, భరోసా యిచ్చువారును ఒకే చోట కాలు జారినారని మా అభిప్రాయము. ఇరువురును ఆ రక్తమును వెలగానే చూచుచున్నారు. ఒకరికది అన్యాయపు వెల, ఒకరికి చవుకబేరము.

మేము ఆ మతమునకు చెందినవారమా, కామా యను ప్రశ్న ఇచ్చట అప్రస్తుతము. నెత్తురు అను మాట ఈ మూడు ఊళ్ళ చుట్టుపట్ల ఎంత బరువు మోసినదో ఎల్లరకును తెలియును. కావున ఆ మాటకు ఒక మతము చెప్పు అర్థమేమో విచారించుట మన పని కాదనరాదు.

ఇది పరాయి సరకనువారికి ముందుగా ఒక మాట. లండను మిషనరీ సంఘమువారు కడపలో పని ప్రారంభించినది 1822 లో. అనగా 1857 నాటి విప్లవమునకు 35 ఏండ్లు ముందు. ఊరిబావిని తాకనీయబడని మాల మాదిగ వాడలలో ఆ బోధ వేరూనెను. పుట్టుకచేతనే మైలపడినవారని ఊరు త్రోసివేసిన వారికి, నిర్దోషి యొకడు వారికొరకే తన నెత్తురు నిచ్చెనను మాట ఎట్లు వినబడియుండునో నవ్వువారు ఒక్క క్షణము ఊహింతురు గాక. జమ్మలమడుగులో వైద్యుడు కాంబెల్ పేర వెలసిన మిషను ఆసుపత్రిలో వైద్యము పొందినవారిలో అన్ని కులములవారును కలరు. స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకే, 1947 సెప్టెంబరు 27 న, మదరాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. విదేశ మిషనులు నాటిన సంఘములు పెక్కు అందు ఏకమయ్యెను. రెండువందల యేండ్లుగా మన పొరుగింట వెలుగుచున్న దీపమును ఓడ దిగిన సరకనుట తెలియనితనము.

ఇక సిద్ధాంతమునకు వత్తము. యూదుల ధర్మశాస్త్రమున రక్తమనగా ప్రాణము. అది దేవుని సొత్తు గనుక మనుష్యుడు దానిని భుజింపరాదు. లేవీయకాండము చెప్పునది ఇదియే. రక్తము త్రాగు దేవుడని పరిహసించువారు, రక్తమును ముట్టవద్దన్న శాస్త్రమును చదువలేదని దీనివలన తేలుచున్నది. అంతకంటెను ముఖ్యమైన విషయ మొకటి కలదు. పొరుగువాని సొత్తు అపహరించినవాడు మొదట మూలధనమును, దానిపై అయిదవవంతును సొంతదారునకు చెల్లింపవలెను. ఆ పిమ్మటనే పొట్టేలును బలికి తేవలెను. పొట్టేలు తెచ్చినంతమాత్రాన అప్పు తీరదు. బుద్ధిపూర్వకముగా నరహత్య చేసినవానికో, ఆ మార్గమును లేదు. వాని ప్రాణమునకు విడుదల ధనము స్వీకరింపరాదని సంఖ్యాకాండము శాసించినది. బలియనగా శిక్ష తప్పించుకొను అడ్డదారి యని తలచువారు ఈ రెండు నియమములను చదువుదురు గాక.

మనలో నవ్వువారి సంగతి యేమి? మన యజ్ఞశాలలలో పశువులు బలియైన కాలము కలదు. 1950 లో మదరాసు శాసనసభ దేవాలయములలో జంతుపక్షిబలులను నిషేధించుచు చట్టము చేసినను, మన జాతరలలో వేటలు పడుచునే యున్నవి. ఇంటిలో రోగము వచ్చిన ఏటపోతు, పంట పండిన కోడిపుంజు. మన మ్రొక్కునకు మెడ యిచ్చునది మాత్రము ఎప్పుడును మరియొక ప్రాణి. క్రైస్తవుని బలిభావము మోటదని నవ్వుటకు ఏ నోరు మిగిలినది?

ఆ బలిభావమును తలక్రిందులు చేసినదే క్రైస్తవ విశ్వాసమని మేము గ్రహించితిమి. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని వాదము నంతయు రెండు మాటలలో చెప్పవచ్చును. ఎడ్లయొక్కయు మేకలయొక్కయు రక్తము పాపమును తీసివేయజాలదనునది మొదటిది. బలి యిచ్చు యాజకుడును బలియగు ప్రాణియు ఒక్కరే యైనందున, ఆ బలి ఒక్కసారియే జరిగి, తరువాతి బలులన్నిటికిని తలుపు మూసెననునది రెండవది. యెరూషలేము దేవాలయము క్రీ. శ. 70 లో రోమనుల చేతిలో ధ్వంసమైన పిమ్మట యూదుల బలిపీఠము చల్లబడెను. క్రైస్తవులు మరల దానిని రాజవేయలేదు. ఒకడు వేరొకని నెత్తురు తీసి తాను శుద్ధుడగుట అంతరించి, తన నెత్తురు తానే యిచ్చి వేరొకని బ్రతికించుట దాని స్థానమున నిలిచెను. సిలువను చూచి ఇది హత్యను మెచ్చు మతమనువాడు, హతుడెవడో హంతకులెవరో తారుమారు చేయుచున్నాడు.

అయినను న్యాయవాదులమైన మాకు ఒక చిక్కు తోచకపోలేదు. క్రైస్తవ పండితులే ఈ రక్తమునకు పలువిధములుగా అర్థము చెప్పిరి. 1098 ప్రాంతమున ఆన్సెల్ము అను ఆర్చిబిషపు దీనిని దేవుని గౌరవమునకు మనుష్యుడు పడిన బాకీగా వివరించెను. పండ్రెండవ శతాబ్దమున అబెలార్డు, ఇది మన కఠినహృదయమును కరిగించు ప్రేమయొక్క నిదర్శనమనెను. పదునారవ శతాబ్దమున కాల్విను, మనకు రావలసిన శిక్షను ఆయన అనుభవించెననెను. ఈ కడపటిదానిని మన కోర్టుల కొలతతో కొలిచినచో నిలువదు. 1860 నాటి శిక్షాస్మృతి గాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత గాని, ఒకని హత్యానేరమునకు వేరొకని ఉరిదీయుట నొప్పుకొనదు. మన విద్యావంతుల ఆక్షేపణకు బలమంతయు ఇచ్చటనే యున్నది. దానిని మేము త్రోసిపుచ్చము.

కాని అప్పు సంగతి వేరు. ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళలోను, ప్రత్తి వ్యాపారములోను మెలగినవారికి జామీను సంగతి మేము చెప్పవలసినది లేదు. ఒకని బాకీని జామీనుదారు చెల్లించుట న్యాయమే. అయితే పిమ్మట ఏమగును? 1872 నాటి ఒప్పందముల చట్టము 140 వ సెక్షను ప్రకారము, జామీనుదారు చెల్లించిన క్షణముననే, అప్పిచ్చినవానికి బాకీదారుపై గల హక్కులన్నియు జామీనుదారునకు సంక్రమించును. పత్రము చినిగిపోలేదు, చేతులు మారినది. బాకీదారు స్వేచ్ఛగా తిరుగవచ్చునని ఏ వకీలును సలహా యీయడు. నమ్మిన చాలునను బోధకులు మరచునది ఇదియే. రక్తముతో తమ అప్పు తీర్చినవాడు కలడని నమ్మువారు, ఇక ఆతనికే అప్పుపడియున్నారు.

ఆ జామీనుదారు అడుగునదేమి? మత్తయి సువార్త 18 వ అధ్యాయమున దానికి జవాబు కలదు. పదివేల తలాంతుల బాకీని రాజువలన క్షమింపబడిన సేవకుడు, తనకు నూరు దేనారములు ఇయ్యవలసినవాని గొంతు పట్టుకొనెను. దేనార మొకటి దినకూలి. తలాంతు ఆరువేల దేనారములు. ఆరుకోట్ల దినముల కూలి వదలించుకొన్నవాడు, నూరు దినముల కూలికై తోటివానిని చెరలో వేయించెను. రాజు క్షమను రద్దుచేసెను. తీర్చరానంత బాకీ పోగొట్టుకొన్నవాడు, తనకు రావలసినది వదలుకొనవలెను. జామీనుదారు కోరు చెల్లింపు అంతమాత్రమే; అంతకు తక్కువ కాదు.

ఇచ్చటనే ఈ మాట మన గడపకు వచ్చుచున్నది. బైబిలులో మొదట మొరపెట్టినది హేబెలు రక్తము. అన్న చేతిలో చచ్చిన తమ్ముని నెత్తురు మంటినుండి న్యాయము కోరెను. కయీను వంశపువాడగు లెమెకు, తనకు గాయము చేసినవానిపై డెబ్బదియేడు రెట్లు పగ తీర్చుకొందునని భార్యలయొద్ద బీరములు పలికెను. ఈ భాష మన పల్లెలకు క్రొత్త కాదు. తండ్రి పగ కొడుకునకు, కొడుకు పగ మనుమనికి ఆస్తివలె సంక్రమించిన ఇండ్లు మన సీమలో కలవు. జాతరలో పోతును నరకునదియు వేటకొడవలియే. దారి కాచి మనిషిని నరకినదియు వేటకొడవలియే. ఎన్నిమార్లు క్షమింపవలెనని శిష్యుడు ప్రశ్నించినప్పుడు, ఏడుసార్లు కాదు, డెబ్బదిని ఏడింట హెచ్చవేసి చూచుకొమ్మని యేసు చెప్పెను. లెమెకు గర్వముతో పలికిన లెక్కను ఆయన క్షమకు త్రిప్పివేసెను. హెబ్రీయుల పత్రిక, ఆయన రక్తము హేబెలు రక్తముకంటె మేలైన మాట పలుకుననుటకు అర్థమిదియే. ఆ నెత్తురు పగ నడుగదు, పగ నాపుమనును.

పగ నాపుట యనగా నేరమును కప్పిపుచ్చుట కాదు. ఇరువది యేండ్లుగా మేము న్యాయస్థానములలో నిలిచియున్నాము. కండ్లార చూచిన హత్యను గూర్చి, దైవసాక్షిగా ప్రమాణము చేసి, మాకేమియు తెలియదని పలికిన సాక్షులను అన్ని మతములలోను చూచితిమి. భయము వారి నోరు మూయించినది. ఆ భయమును పెంచి పోషించిన పెద్దలే మొదటి దోషులు. హత్యానేరమునకు చట్టములో రాజీ లేదు. అబద్ధపు సాక్ష్యముతో దొడ్డిదారిన తెచ్చుకొన్న రాజీ క్షమాపణము కాజాలదు. మొదట మూలధనము, అయిదవవంతు, పిమ్మటనే పొట్టేలు. మొదట సత్యము, నష్టపరిహారము, పిమ్మటనే క్షమ.

కావున బోధకులకు మా విన్నపము. బలిపీఠమువద్ద అర్పణము విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని మీ గ్రంథమే చెప్పుచున్నది. ఈ శుభశుక్రవారమున రక్తమును వర్ణించు ప్రసంగములు కొంత తగ్గించి, పగ విడువని చేయి రొట్టెను, పాత్రను అందుకొనదగదని పేరుపెట్టకయే గట్టిగా చెప్పుడు. ముందు వరుసలో కూర్చుండు పెద్దమనుష్యుడైనను సరే.

పఠనమందిరములలో నవ్వు మిత్రులకును ఒక మాట. మీరు ఆ సిద్ధాంతము నంగీకరింపనక్కరలేదు. ఒకని నెత్తురు వేరొకని నెత్తురును చల్లార్చునను మూఢనమ్మకము ఏ దేవాలయములో కంటెను మన గ్రామకక్షలలోనే గట్టిగా పాతుకొనియున్నదని మాత్రము ఒప్పుకొనుడు. ఆ మూఢనమ్మకమును ఖండించు సిద్ధాంతము పొరుగింటనుండి వచ్చినను, అది మనకు పనికివచ్చునదే. పెన్న యొడ్డున ఇంతవరకు చిందిన నెత్తురు ఎవరి పాపమును కడుగలేదు. ఎవరి అప్పును తీర్చలేదు. ఆ పద్దును మూయుటకు ఎవడో యొకడు, తనకు రావలసినది రాకున్నను, మొదట కలము క్రింద పెట్టవలెను.