హాల్లో సముద్రం సరే.. పగడం ఎక్కడిది?

ఆదివారం పూట చెన్నై కొళత్తూరు వైపు వెళ్లినవారికి ఆ సందడి తెలిసిందే. ప్లాస్టిక్ సంచుల్లో రంగు చేపలు, గాజు తొట్టెలు, పంపులు, మేత డబ్బాలు.. ఎటు చూసినా అవే దుకాణాలు. ఒకప్పుడు గోల్డ్ ఫిష్, గప్పీలతో సరిపెట్టుకున్నవారు ఇప్పుడు ఉప్పునీటి తొట్టెల దగ్గర ఆగుతున్నారు. నీలి వెలుగులో ఊగే పగడాలు, వాటి మధ్య దూరి తిరిగే నారింజ రంగు క్లౌన్ చేపలు. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా చూసి చప్పట్లు కొట్టిన పిల్లలు ఇవాళ సంపాదనపరులు. ఫ్లాటు కొన్నారు. హాల్లో ఆరడుగుల గోడ ఖాళీగా ఉంది. అక్కడ ఓ చిన్న సముద్రం పెట్టుకుంటే ఎలా ఉంటుందన్న ముచ్చట కలిగితే ఎవరూ తప్పుపట్టరు.

చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతోంది. 'వారంలో సెటప్ చేసిచ్చేస్తాం సార్, పగడాలు కూడా వేసేస్తాం' అని దుకాణదారు అంటాడు. కొనేవాడు ధర అడుగుతాడు, రంగు అడుగుతాడు, ఏం మేత వేయాలో అడుగుతాడు. ఈ పగడం ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగడు. అసలు అడగాల్సింది అదే.

పగడం అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది మంగళసూత్రం పక్కన ఎర్రపూస. కుజదోషానికి ఉంగరంలో పొదిగే రాయి. ఆ నగల పగడం వేరే జాతి, ఎక్కువగా మధ్యధరా సముద్రం సరుకు. తొట్టెల్లో పెట్టేవి దిబ్బలు కట్టే పగడాలు. తమిళులు పవళప్పారై అనేది వీటినే. పేరులో పారై, అంటే రాయి ఉన్నా, ఇది ప్రాణి. చిన్న చిన్న పాలిప్‌లు గుంపుగా చేరి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో వండిపెట్టేదే పగడానికి ప్రధాన ఆహారం. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి గెంటేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. కొన్ని వారాలు అలాగే ఉంటే ఆకలితో చస్తుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ ఏడాది మన లక్షద్వీప్‌లోనూ అదే జరిగింది. అంత పెద్ద సముద్రంలోనే నిలవలేని ప్రాణి, హాల్లోని తొట్టెలో నిలవాలంటే ఎంత చాకిరీ చేయాలి?

ముందు బరువు చూద్దాం. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండడుగులు ఉన్న తొట్టెలో సుమారు 850 లీటర్లు పడతాయి. కింద పెట్టే ఫిల్టర్ తొట్టె, అదే సంప్, దానిలో ఇంకో 150 లీటర్లు. 12 మిల్లీమీటర్ల గాజు, రాళ్లు, ఇనుప స్టాండు కలిపితే మొత్తం 1,300 కిలోలకు తగ్గదు. ఇదంతా మోసేది ఒకటిన్నర చదరపు మీటర్ల కంటే తక్కువ నేల. ఇళ్లలో గచ్చు మీద పడే బరువును చదరపు మీటరుకు 200 కిలోలుగా లెక్కవేసి శ్లాబు డిజైన్ చేస్తారు. ఇక్కడ పడేది దానికి నాలుగు రెట్ల పైమాట. గోడ వారగా, బీము మీదుగా పెడితే తట్టుకోవచ్చు. అది తేల్చాల్సింది ఇంజనీరు. చేపల కొట్టువాడి మాట మీద వదిలేసే సంగతి కాదిది. అద్దె ఇల్లయితే ఓనరుకు చెప్పకుండా పెట్టడం మరీ ప్రమాదం.

తర్వాత నీళ్లు. ఇక్కడే సరిహద్దు పట్టణాలవారికి అసలు పరీక్ష. చెన్నైలో, బళ్లారిలో, హోసూరులో బోరు నీళ్లు పగడానికి పనికిరావు. ఉప్పు కలిపే ముందు ఆర్వో, డీఅయొనైజర్ రెంటిలోనూ వడగట్టాలి. ఒక లీటరు మంచినీరు దిగితే రెండు మూడు లీటర్లు పక్కకు పోతాయి. అంటే తొట్టె, సంపు ఒక్కసారి నింపడానికే మూడు నాలుగు వేల లీటర్లు. వారానికి పదో వంతు నీరు మార్చాలి. రోజూ ఏడెనిమిది లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది కాబట్టి ఆ లోటును ఉప్పు కలపని మంచినీళ్లతోనే భర్తీ చేయాలి. కొత్తవాళ్లు అక్కడే ఉప్పునీళ్లు పోసి తొట్టెను ఊరగాయ జాడీ చేస్తుంటారు.

2019 వేసవిలో చెన్నై చెరువులు నెర్రెలిచ్చిన రోజులు ఎవరూ మరచిపోలేదు. శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా పూండికి చేరే కృష్ణ నీళ్ల కోసం నగరం ఎదురుచూసింది. బిందెలతో లారీల వెంట పరుగెత్తినవారిలో మనవాళ్లూ ఉన్నారు. 2024లో బెంగళూరు వంతు వచ్చింది. అపార్ట్‌మెంటులో అందరూ పంచుకునే ట్యాంకరు నీళ్లలో ఒక ఇంటి పగడాల వాటా ఎంత? ఈ ప్రశ్న అసోసియేషన్ మీటింగులో వచ్చేదాకా ఆగకుండా ముందే వేసుకోవడం మంచిది. ఆర్వో నుంచి పోయే నీటిని డ్రమ్ములో పట్టి గచ్చు కడగడానికి, బాత్రూముకు వాడుకుంటే కొంత నయం. పెద్ద తొట్టె పెట్టేవారు ఆ పైపు కూడా లెక్కలో వేసుకోవాలి.

కరెంటు సంగతి మరొకటి. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి. మన వేసవిలో ఫ్యాను కింద పెట్టిన నీళ్లే 30 దాటతాయి. కాబట్టి చిల్లర్ తప్పదు. లైట్లు రోజుకు తొమ్మిది గంటలు, పంపులు 24 గంటలు, చిల్లర్ పది గంటలు తిరిగితే రోజుకు పదకొండు యూనిట్ల దాకా లాగుతుంది. నెలకు 330. తమిళనాట రెండు నెలలకోసారి బిల్లు, 500 యూనిట్లు దాటితే రేటు మారిపోతుంది. తొట్టె ఒక్కటే రెండు నెలల్లో 660 తినేస్తుంది. కర్ణాటకలో 2023లో వచ్చిన గృహజ్యోతి 200 యూనిట్ల లోపు వారికే. పగడాలు పెట్టుకున్న ఇల్లు ఆ పథకానికి దండం పెట్టాల్సిందే.

బిల్లు కట్టగలిగినా కరెంటు పోతే ఏంచేస్తారు? 2016 డిసెంబరులో వర్ధా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులకు చెన్నైలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గి చేపలు, పగడాలు వరసగా పోతాయి. లక్షలు పోసి తొట్టె కట్టి, బ్యాటరీతో నడిచే పంపు కొనడానికి వెనకాడేవారున్నారు. లైట్లు రెండు రోజులు లేకపోయినా ఫర్వాలేదు, పంపు మాత్రం ఆగకూడదు.

వారంలో కాని పని

వారంలో సెటప్ అన్న మాటకు వద్దాం. కొత్త నీటిలో చేప మలం, మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది. అది విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా నాచు పుట్టడం, పోవడం నెలల తరబడి సాగుతుంది. ఉప్పు శాతం లీటరుకు 35 గ్రాముల దగ్గర, కాల్షియం 420 దగ్గర, క్షారత 8, 9 దగ్గర కదలకుండా నిలబడటం నేర్చుకోవాలి. నీళ్లకు కాదు, మనిషికి ఆ ఓర్పు అలవడాలి. ఏడాదిపాటు చేపలతో మాత్రమే తొట్టెను నడపగలిగినవారు పగడం సంగతి ఆలోచించవచ్చు. వారంలో పగడాలు వేసే దుకాణానికి నష్టమేమీ లేదు. చచ్చిన ప్రతి ముక్కకూ ఇంకో ముక్క అమ్ముకుంటుంది.

ఇంటి అలవాట్లూ మారాలి. దోమల మందులో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు, వెన్నెముక లేని జలచరాలకు విషం. తొట్టె పక్కన స్ప్రే కొట్టకూడదు. చేపల జబ్బుకు వాడే రాగి మందు పగడాల్ని చంపేస్తుంది, జబ్బు చేపకు వేరే తొట్టెలో వైద్యం చేయాలి. బొత్తాముల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లతో కడిగినా, ఉడకబెట్టినా ఆవిరిలో ఆ విషం లేస్తుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టె శుభ్రం చేస్తూ ఒక కుటుంబం మొత్తం ఆస్పత్రి పాలైంది. మన ఇళ్లలో ఏది మురికిపట్టినా మరిగే నీళ్లు పోయడం అలవాటు. పిల్లలకు, పనిమనిషికి కూడా ఈ మాట చెప్పి ఉంచాలి.

పులి ఉన్న జాబితాలోనే పగడం

ఇవన్నీ చేయగలిగినవారు ఉన్నారు. డబ్బు, ఓపిక ఉన్నాయి. అయినా మొదటి ప్రశ్న అలాగే ఉంది, ఆ పగడం ఎక్కడిది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లతో సహా, దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. బతికున్న పగడమైనా, ఎండిన ముక్కయినా మన సముద్రం నుంచి తీస్తే నేరం. 2022 సవరణ తర్వాత శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. విదేశీ సరుకైతే సైటిస్ ఒప్పందం కింద ఎగుమతి దేశం ఇచ్చిన పత్రం, ఇక్కడి దిగుమతి అనుమతి ఉండాలి. 'ఇది ఇండొనేషియా మాల్ సార్' అన్న నోటిమాట ఏ అధికారి ముందూ చెల్లదు. చేతిలో దొరికినవాడిదే బాధ్యత. తొట్టెలో పరిచే 'లైవ్ రాక్' కూడా ఎక్కువగా పాత పగడపు రాయే, కాబట్టి ఆ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. సిరామిక్‌తో, సిమెంటుతో చేసిన రాళ్లు వస్తున్నాయి, బ్యాక్టీరియాకు వాటితో పేచీ లేదు.

చట్టం ఇంత గట్టిగా ఎందుకుందో తెలియాలంటే మన్నార్ సింధుశాఖకు వెళ్లాలి. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1986లో సముద్ర జాతీయ పార్కు అయింది. సున్నం కోసం, పరిశ్రమల కోసం దశాబ్దాల తరబడి ఆ దిబ్బల్ని గడ్డపారలతో తవ్వి పడవల్లో మోశారు. అలలను అడ్డుకునే గోడ పోయింది. రెండు దీవులు మునిగిపోయాయి. తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి కూడా కరిగిపోతుంటే సిమెంటు దిబ్బలు దించి కాపాడుకోవాల్సి వచ్చింది. కట్టబొమ్మన కాలానికి ముందు నుంచే తూత్తుకుడి, కోవిల్‌పట్టి పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వారికి ఆ తీరం పక్కూరు. అక్కడ పోయే ప్రతి దిబ్బా చేపల పెంపకశాలే. పగడం పోతే వల ఖాళీ అవుతుంది.

ఇక్కడ సర్కారును కూడా ఒక మాట అనాలి. వద్దు, నేరం, జైలు అని చెప్పడంతో సరిపెట్టారు. మరి నిజాయతీగా పగడం పెంచుకోవాలనుకునేవాడికి దారేది? క్లౌన్ చేపల విషయంలో దారి చూపించింది మన శాస్త్రజ్ఞులే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో వాటిని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచే పద్ధతి రూపొందించింది. దిబ్బల్లో పట్టుకురావాల్సిన అవసరం తగ్గింది. పగడానికీ ఆ వీలుంది. ఒక కొమ్మ విరిచి అంటిస్తే అది ఇంకో పగడమవుతుంది, మన్నార్‌లో చెడిన దిబ్బల్ని బాగుచేయడానికి వాడుతున్నదీ ఇదే కిటుకు. అనుమతితో, ప్రభుత్వ పర్యవేక్షణలో పెంచిన పగడం ముక్కలకు నంబరు వేసి అమ్మే ఏర్పాటు ఆలోచించదగ్గది. ఆ ముసుగులో దొంగ సరుకు కూడా అమ్ముడవుతుందన్న భయం అటవీశాఖకు ఉంటుంది. అది ఉత్తి భయమేమీ కాదు. ఏనుగు దంతాల అనుభవం ఉండనే ఉంది. అందుకే మొదట ఒకటి రెండు కేంద్రాల్లో, తక్కువ జాతులతో మొదలుపెట్టి చూడాలి. గుట్టుగా సాగే బేరం కంటే లెక్క ఉన్న బేరాన్ని పట్టుకోవడం అధికారులకూ సులువు.

అది వచ్చేదాకా కొళత్తూరులోనైనా, బెంగళూరులోనైనా ధర అడిగే ముందు కాగితం అడగాలి. కాగితం చూపితే ఒక నకలు తెచ్చుకుని బిల్లుతో కలిపి దాచుకోవాలి. చూపకపోతే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత ఒకటి తీసుకుని ఇంటికి రావచ్చు. పగడం లేని తొట్టెలో కూడా అవి మూలన ఓ రాయిని చూసుకుని, దాన్నే ఇల్లనుకుని ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి.