ఒక బెంచీకి మంజూరు

అమ్మీ ఇంతెఖాల్ అయిన నలభై రోజులకు ఇంట్లో మష్వరా జరిగింది. ఆమె పేరు మీద ఏదైనా సదఖయె జారియా చేయాలని. అంటే మనిషి పోయాక కూడా సవాబు అందుతూనే ఉండే దానం. భాయిజాన్ మస్జిదులో వాటర్ కూలర్ పెడదామన్నాడు. ఆపా బోరింగు వేయిద్దామంది. నేను బెంచీ అన్నాను. ఇద్దరూ నా మొహం చూశారు.

అమ్మీకి మోకాళ్ల నొప్పులు. దవాఖానా నుంచి మా గల్లీకి నడిచొచ్చే దారిలో కూర్చోడానికి జాగా లేదు. మధ్యలో ఒక కిరాణా దుకాణం మెట్టు మీద కూర్చునేది. గిరాకీ వస్తే లేచి పక్కకు జరిగేది. సేటు మంచివాడు, కుర్చీ తెచ్చి వేసేవాడు కూడా. ఆమెకే మొహమాటం. "ఒకరి దుకాణం ముందట కూసుంటే ఏదో అడగనీకి వచ్చినట్టుంటది బేటా" అనేది.

ఆ దుకాణానికి ఎదురుగా, మోరీ అవతల వేపచెట్టు కింద ఖాళీ జాగా ఉంది. సర్కారుది. మా ఊళ్లో సిమెంటు బెంచీలకు కొదవ లేదు. వెనక 'కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం' అని నీలం రంగుతో రాసి ఉంటుంది. మీ ఊళ్లోనూ చూసే ఉంటారు. వాటిలో ఎన్నింటికి ఇజాజత్ ఉందో ఎవరికీ తెలియదు. నేను మాత్రం దరఖాస్తు రాసుకుని మున్సిపాలిటీకి పోయాను.

ఇన్‌వర్డులో నంబరు వేశారు. అక్కడి నుంచి టౌన్ ప్లానింగ్ సెక్షన్. ఆ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది, ఎన్‌ఓసీ తెమ్మన్నారు. ఆర్ అండ్ బీ వాళ్లు రోడ్డు మాదే గానీ మోరీ అవతలి జాగా మున్సిపాలిటీదేనన్నారు. మళ్లీ మొదటికి. ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఒకాయన ఫైలు తెరిచి అమ్మీ పేరు చదివి, "మస్జిద్ పక్కనేనా?" అన్నాడు. కాదు, రెండు గల్లీల అవతల అన్నాను. "ఏం లేదు భాయ్, రేపు దానిమీద చాదర్ కప్పి చిల్లా అంటే మా నౌకరీలకు వస్తది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆయన మాట మీద కంటే నా నవ్వు మీదే ఎక్కువ కోపమొచ్చింది.

ఆయన భయం పూర్తిగా బేబునియాద్ అనను. బహిరంగ స్థలాల్లో అక్రమ మత కట్టడాల మీద నడిచిన కేసులోనే సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజల వాడుకలో ఉన్న జాగాల్లో విగ్రహాలకు, కట్టడాలకు రాష్ట్ర ప్రభుత్వాలు ఇకపై అనుమతి ఇవ్వకూడదని. అయితే అదే ఉత్తర్వులో మినహాయింపూ ఉంది. వీధి దీపాలు, ట్రాఫిక్ ఏర్పాట్లు, వీధుల అభివృద్ధి, ప్రజా సౌకర్యాలు దాని కిందికి రావు. ఆ తేదీ తర్వాత మా ఊళ్లో లేచిన విగ్రహాలకు నిషేధం అడ్డం రాలేదు. అమ్మీ బెంచీకి మినహాయింపు పనికిరాలేదు.

ప్రజా సౌకర్యాలన్నవి మున్సిపాలిటీ దయ కూడా కాదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చి, వీధి దీపాలు, బస్‌స్టాపులు, పార్కుల వంటివాటిని స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో రాసింది. అలసిన ముసలామె కూర్చునే జాగా అందులోకి రాకపోతే ఇంకేం వస్తుంది?

మా వార్డు కౌన్సిలర్‌ను కలిశాను. పాత దోస్తు. "అన్నా, దీనికి దరఖాస్తు ఏంది? రాత్రికి రాత్రి ఏసెయ్, ఎవలడుగుతరు?" అన్నాడు. మొహబ్బత్‌తోనే అన్నాడు. కానీ ఎవరూ అడగరన్న ఆ ధీమా అందరికీ ఒకేలా దొరకదు. తన పేరుతో రాత్రికి రాత్రి వేస్తే అది సేవ. నా పేరుతో వేస్తే పొద్దున్నే ఎవరో ఫోన్‌లో ఫోటో తీస్తారు, సాయంత్రానికి అది కబ్జా అవుతుంది. అందుకే ఇజాజత్ అడుగుతున్నాను. ఖానూన్ మీద ప్రేమ కొద్దీ అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

నా వాదన ఇంతే. ఖాయిదా రాసిపెట్టి లేని చోట అడగనివాడికే పని అవుతుంది, అడిగినవాడు అనుమానితుడవుతాడు. బెంచీ ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు అన్నది ఒక కాగితం మీద రాసి దఫ్తరు గోడకు అంటించండి. ఫుట్‌పాత్ మీదైతే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఉండనే ఉంది: నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు అడ్డమైతే, మోరీ తీసేవాళ్లకు ఇబ్బందైతే కాదనండి. కాదన్న వజహ్ రాసివ్వండి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో చెప్పండి. ఊళ్లో ఉన్న బెంచీల్లో ఎన్నింటికి అనుమతులున్నాయని ఆర్‌టీఐ కింద అడిగాను. అలాంటి సమాచారం తమ దగ్గర లేదని గడువు 30 రోజుల లోపే జవాబొచ్చింది. దానికి మాత్రం శుక్రియా.

ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాడికి దఫ్తర్లలో ఒక చిన్న తమాషా కనిపిస్తుంది. దరఖాస్తు, సిఫారసు, నకలు, మంజూరు, అన్నీ మా ఇంటి మాటలే. మంజూర్ అన్నది నజర్ నుంచి వచ్చింది. దాని అసలు అర్థం 'చూసినది' అని. నా ఫైలును మొత్తానికి ఎవరైనా చూశారో లేదో.

మొన్న పోతే ఆ ఇంజనీరింగ్ ఆయనే సలహా ఇచ్చాడు. "పేరు తీసెయ్ భాయ్, ఉత్త బెంచీ అని రాయి, ఫైలు కదుల్తది." ఇంటికొచ్చి ఆలోచించాను. నిజానికి పేరు లేకుండానే వేద్దామని మొదట ఆపాయే అంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని చిన్నప్పుడు అమ్మీ చెప్పిందే గదా అని. అప్పుడు అది నియ్యత్. ఇప్పుడు అదే పని చేస్తే ఖౌఫ్ అవుతుంది. దేనికోసం పేరు తీస్తున్నానో నాకే తేలకపోతే ఆ సవాబు ఎవరికి చేరుతుంది?

కొత్త దరఖాస్తు రాశాను. అమ్మీ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా. మంజూరు కాగితం మీద ఆ పేరు రావాలి. బెంచీ మీద రాయించాలా వద్దా అన్నది తర్వాత మేం ముగ్గురం కూర్చుని ఫైసలా చేసుకుంటాం. వచ్చే కౌన్సిల్ ఎజెండాలో పెడతామన్నారు. నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాను.